ఎండుటాకులు మార్చిలో దాచండి, వానల్లో కంపోస్టు చేయండి

హైదరాబాద్‌లో చెట్లు ఎక్కువగా ఆకు రాల్చేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. చాలా వీధుల్లో ఆ ఆకులకు అప్పుడే నిప్పు పెట్టేస్తారు. జూన్‌లో వానలు మొదలయ్యాక కంపోస్టు డ్రమ్ములో పచ్చి చెత్త కుళ్లి కంపు కొడుతుంటే, కలపడానికి పొడి ఆకు గుప్పెడు కూడా దొరకదు. అందుకే వేప, కానుగ, బాదం ఆకులు రాలేటప్పుడే నాలుగైదు గోనె సంచుల్లో కుక్కి, తడవని చోట పెట్టుకోండి. బాదం ఆకుల్ని మాత్రం నలిపి వేయాలి. అవి వెడల్పు, మందం కావడంతో తడిశాక ఒకదాని మీద ఒకటి అతుక్కుని గాలి ఆడనివ్వవు. నీలగిరి ఆకు వద్దు. వయ్యారిభామ కలుపును పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకి డ్రమ్ములో వేయవచ్చు. గింజ పట్టిందంటే వేయకండి, కంపోస్టు పోసిన ప్రతి కుండీలో అదే మొలుస్తుంది.

200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ముకు అడుగున, చుట్టూ జానెడు దూరానికొకటిగా వేలు పట్టేంత రంధ్రాలు చేసి, నీడలో ఇటుకల మీద నిలబెట్టండి. అడుగున ఎండు పుల్లలు పరిచి, మూడు తట్టల ఎండుటాకులకు ఒక తట్ట పచ్చిది (గడ్డి, కలుపు, కూరగాయల తొక్కలు) చొప్పున పొరలు వేయండి. ఆకుల్లో కార్బన్, పచ్చిదాంట్లో నత్రజని ఎక్కువ. సూక్ష్మజీవులకు దాదాపు 30 పాళ్ల కార్బన్‌కు ఒక పాలు నత్రజని కావాలి. పొర పొరకూ పలుచని పేడనీళ్లు చల్లితే పని త్వరగా మొదలవుతుంది. వండిన అన్నం, నూనె, మాంసం వేయకండి, ఎలుకలు చేరతాయి.

తడి ఎంతుండాలో పిడికిలే చెబుతుంది: గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ఏప్రిల్, మేలో అంచులు ఎండిపోతాయి కాబట్టి పైన తడి గోనె కప్పండి. వానల్లో మూత తప్పనిసరి. వారానికోసారి టార్పాలిన్ మీద గుమ్మరించి, కలిపి, మళ్లీ నింపండి. ఈ పని బరువే, కానీ దీన్ని మానేస్తే మధ్యలో గాలి అందక కుళ్లుతుంది.

ముక్కు మండే ఘాటు వస్తే పచ్చిది ఎక్కువైనట్టు, ఆకులు కలపండి. మురుగు వాసనైతే తడి ఎక్కువ, గాలి తక్కువ. చీమలు పట్టాయంటే ఎండిపోయినట్టు, నీళ్లు చల్లండి. వంపు తిరిగిన లావుపాటి తెల్ల పురుగులు కనిపిస్తే జల్లెడ పట్టేటప్పుడు ఏరేయండి. కుండీలోకి వెళ్తే కొన్ని రకాలు వేళ్లు కొరుకుతాయి.

ఇలా కలుపుతూ ఉంటే సుమారు మూడు నాలుగు నెలల్లో నల్లగా పొడిపొడిగా మారి, తొలకరి మట్టి వాసన వస్తుంది. అనుమానముంటే గుప్పెడు తడిపి కవరులో మూడు రోజులు కట్టి ఉంచండి. విప్పినప్పుడు పులిసిన వాసన వస్తే ఇంకా కాలేదు. మాగని కంపోస్టు మట్టిలోని నత్రజనిని లాక్కుంటుంది, మొక్క ఆకులు పసుపుబారతాయి.

కుండీకి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కంపోస్టు, ఒక పాలు కొబ్బరిపొట్టు సరిపోతాయి. మిగిలిన ఎండుటాకుల్ని ఎండాకాలంలో మొక్కల చుట్టూ రెండంగుళాల మందాన పరిస్తే నీళ్లు ఆదా అవుతాయి. కాండానికి మూడు వేళ్ల ఎడం వదలండి. ఇంటి గోడకు ఆనించి మాత్రం పరవకండి, చెదలు పడుతుంది.