గర్భం కోరుకునేవారు విటమిన్ ఎ లెక్క ముందే ఎలా చూసుకోవాలి: పిండం గుండె కోసం

ముందుగా క్యాలెండరు చూడాలి. 28 రోజుల నెలసరి ఉన్న స్త్రీలో ఫలదీకరణ సుమారు 14వ రోజున జరిగిందనుకుంటే, రావలసిన నెలసరి రాని రోజుకు పిండం వయసు రెండు వారాలు. అప్పటికి గుండె ఇంకా లేదు. మరో వారం తిరిగేసరికి, అంటే ఫలదీకరణ తర్వాత సుమారు 22వ రోజుకు, సన్నని గొట్టంలా ఉన్న గుండె కొట్టుకోవడం మొదలుపెడుతుంది. నాలుగో వారం ముగిసేలోగా ఆ గొట్టం మెలితిరుగుతుంది, ఎనిమిదో వారం పూర్తయ్యేసరికి నాలుగు గదులూ వాటి మధ్య గోడలూ దాదాపు సిద్ధమవుతాయి. పరీక్ష చేయించుకొని, వైద్యుల దగ్గరకు వెళ్ళి, జాగ్రత్తలు తెలుసుకొనే సమయానికి ఇందులో చాలా భాగం జరిగిపోయి ఉంటుంది కాబట్టి, ఇక్కడ చెప్పే పనులను గర్భధారణకు ముందే చేసుకోవాలి.

ఈ గుండె నిర్మాణంలో విటమిన్ ఎ ముడిసరుకు కాదు, సంకేతం. తల్లి రక్తం నుంచి అందిన, విటమిన్ ఎ రూపాల్లో ఒకటైన రెటినాల్‌ను పిండంలోని కొన్ని కణాలు రెండు అంచెల్లో రెటినోయిక్ ఆమ్లంగా మారుస్తాయి, మరికొన్ని కణాలు దాన్ని వెంటనే విరిచేస్తాయి. తయారయ్యే చోట ఎక్కువగా, విరిగే చోట తక్కువగా ఉండే ఆ ఆమ్లం కణకేంద్రకంలోని గ్రాహకాలకు అతుక్కొని, ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఆగాలో నిర్దేశిస్తుంది. గుండె గొట్టం వెనుక కొసన ఉండే కణాలకు ఈ సంకేతం అందితే అవి రక్తాన్ని లోపలికి తీసుకొనే కర్ణికలుగా మారే దారిలో సాగుతాయి. ముందు కొసన అది తక్కువగా ఉండటమే సరైన పద్ధతి. ప్రయోగాల్లో ఈ సంకేతాన్ని పెంచితే కర్ణిక స్వభావం, రక్తాన్ని బయటికి తోసే జఠరికల ప్రాంతంలోకి చొరబడింది. రెటినోయిక్ ఆమ్లాన్ని తయారుచేసే ముఖ్యమైన ఎంజైము లేని ఎలుక పిండాల్లోనైతే గొట్టం మెలితిరగక, ఉబ్బిన ఒకే సంచిలా మిగిలిపోయి, పిండం గర్భం మధ్యలోనే చనిపోయింది.

గుండె నుంచి రక్తం బయటికి పోయే చోటు ఇంకా సున్నితమైనది. మొదట ఒకే నాళంగా ఉండే ఆ భాగం బృహద్ధమనిగా, పుపుస ధమనిగా చీలాలంటే, నాడీ శిఖరం (వెన్నుపాముగా మారే గొట్టం అంచున ఉండే కణాల వరుస) నుంచి బయలుదేరిన కణాలు అక్కడికి వలస వచ్చి మధ్యగోడ కట్టాలి. 1949లో విల్సన్, వార్కనీ అనే శాస్త్రవేత్తలు విటమిన్ ఎ లోపించిన ఆడ ఎలుకల పిల్లల్లో బృహద్ధమని చాపంలోనూ గుండెలోనూ లోపాలను వర్ణించారు. 1985లో వెలువడిన ఒక అధ్యయనం, మొటిమలకు వాడే, విటమిన్ ఎ కుటుంబానికే చెందిన ఐసోట్రెటినోయిన్ అనే మందు ప్రభావానికి లోనైన 154 గర్భాలను పరిశీలించింది. మధ్యలోనే ముగిసిన గర్భాలు పోగా, వైకల్యాలున్న శిశువులు 21 మంది, పెద్ద వైకల్యాలు లేని శిశువులు 26 మంది. ఆ వైకల్యాల్లో గుండె నుంచి వెలువడే ధమనుల లోపాలు ముఖ్యమైనవి. తక్కువైనా ఎక్కువైనా దెబ్బ తగిలేది అదే చోట అన్న ఈ సంగతిని పట్టుకుంటే మిగతా సూచనలన్నీ సులువుగా అర్థమవుతాయి.

కనుక మొదటి పని మందుల పెట్టె చూడటం. ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతుంటే, అవి ఆపిన తర్వాత కనీసం ఒక నెల గడిచేదాకా గర్భం రాకూడదు. సోరియాసిస్‌కు ఇచ్చే, అదే కుటుంబపు అసిట్రెటిన్ విషయంలో ఈ వ్యవధి ఏకంగా మూడేళ్ళు. మద్యంతో కలిస్తే అది కొవ్వులో చాలాకాలం నిలిచే మరో రూపంలోకి మారడం ఇందుకు ఒక కారణం. చర్మంపై రాసే రెటినాయిడ్ (విటమిన్ ఎ తరహా) క్రీములు రక్తంలోకి చాలా తక్కువగానే చేరుతాయి, అయినా వాటిని కూడా ముందే మానుకోవడం మంచిది.

రెండో పని, సీసాల మీది చిన్న అక్షరాలు చదవడం. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పెద్దవారికి గర్భిణీ దశలో రోజుకు సుమారు 770 మైక్రోగ్రాముల విటమిన్ ఎ సరిపోతుంది. రెటినాల్ రూపంలో 3,000 మైక్రోగ్రాములు, అంటే 10,000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు), దాటకూడని గరిష్ఠ పరిమితి. ఒక ఐయూ రెటినాల్ 0.3 మైక్రోగ్రాములకు సమానం. ఉదాహరణకు, మల్టీవిటమిన్ మాత్ర మీద ‘రెటినిల్ పామిటేట్ 5,000 ఐయూ’ అని ఉంటే అది 1,500 మైక్రోగ్రాములు. దానికి తోడు ఒక టీస్పూను కాడ్ చేప కాలేయ నూనె తీసుకుంటే మరో 1,350 వరకు చేరుతుంది. రెండూ ఆరోగ్యం కోసమే, విడివిడిగా చూస్తే రెండూ పరిమితిలోనే ఉన్నాయి, కాని భోజనం మొదలుకాక ముందే లెక్క 2,850కి చేరింది. అందువల్ల వాడుతున్నవన్నీ ఒకే కాగితం మీద రాసి, రెటినాల్, రెటినిల్ పామిటేట్, రెటినిల్ ఎసిటేట్ అన్న పేర్లున్నవాటిని కలిపి కూడాలి. మొక్కల్లో దొరికే బీటా కెరోటిన్‌ను ఈ కూడికలో చేర్చనవసరం లేదు: శరీరం దాన్ని అవసరం మేరకే విటమిన్ ఎగా మార్చుకుంటుంది, మితిమీరితే చర్మం పసుపుపచ్చగా మారుతుందే తప్ప పిండానికి వైకల్యాలు కలగవు.

ఆహారంలో భయపడవలసినది దాదాపు ఒక్కటే, జంతువుల కాలేయం. వండిన ఎద్దు కాలేయం 85 గ్రాముల్లోనే సుమారు 6,500 మైక్రోగ్రాములు ఉంటుంది కాబట్టి, గర్భం కోరుకునేటప్పటి నుంచే దాన్ని పక్కన పెట్టాలి. క్యారెట్, ఆకుకూరలు, గుడ్లు, పాలు నిస్సంకోచంగా తినవచ్చు. కెరోటిన్ ఒంటబట్టాలంటే ఆ భోజనంలో కాస్త నూనె ఉండాలి.

అతి గురించి ఇంత చెప్పాక, భయంతో విటమిన్ ఎను పూర్తిగా మానేయడం కూడా తప్పేనని చెప్పాలి. మసక వెలుతురులో చూపు ఆనకపోవడం, పేగుల జబ్బుల వల్ల కొవ్వు జీర్ణం కాకపోవడం, బరువు తగ్గే శస్త్రచికిత్స జరిగి ఉండటం వంటివి ఉంటే రక్తంలో రెటినాల్ పరీక్ష అడగాలి. లీటరుకు 0.70 మైక్రోమోల్ కంటే తక్కువైతే లోపంగా భావిస్తారు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ అంకె తాత్కాలికంగా పడిపోతుంది కాబట్టి కోలుకున్నాక పరీక్షించుకోవడం మేలు. లోపం తేలితే మోతాదును వైద్యులే నిర్ణయించాలి. లోపం తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లోని గర్భిణులకు కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు రోజుకు 10,000 లేదా వారానికి 25,000 ఐయూ మాత్రమే.

తెలియక పెద్ద మోతాదు తీసుకున్నాక గర్భమని తేలితే, ఆ మందును వెంటనే ఆపి, సీసాతో సహా వైద్యుల దగ్గరకు వెళ్ళాలి. చివరి నెలసరి తేదీ, మందు మొదలుపెట్టిన రోజు, ఆపిన రోజు, మోతాదు అన్నీ రాసి ఇవ్వాలి, ఎందుకంటే గుండె ఏ దశలో ఉండగా అది చేరిందన్నది ఆ తేదీల వల్లే తెలుస్తుంది. 18 నుంచి 22 వారాల మధ్య పిండం గుండెకు ప్రత్యేకంగా ఎకో (అల్ట్రాసౌండ్) పరీక్ష చేసి, రెండు ధమనులూ విడిగా ఏర్పడ్డాయా, జఠరికల మధ్య గోడ పూడిందా అన్నది చూడవచ్చు. ఆ పరీక్షకు తేదీని మొదటి సందర్శనలోనే అడిగి ఖాయం చేసుకోవాలి.