లారీ ప్రమాదంలో గాయపడితే పరిహారానికి దరఖాస్తు విధానం

లారీ ప్రమాదాల పరిహారం కేసుల్లో ఎక్కువ భాగం మొదటి నెలలోనే బలపడతాయి, లేదా అప్పుడే చతికిలబడతాయి. ఎఫ్‌ఐఆర్‌లో "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అన్న ఒక్క ముక్క రాసి వదిలేస్తే, బ్రేకులు పట్టని సంగతి, వెనక లైట్లు వెలగని సంగతి, పరిమితికి మించి ఎక్కించిన లోడు సంగతి రికార్డుకెక్కవు. ఏడాది తర్వాత ట్రిబ్యునల్‌లో (ప్రమాద పరిహారం కేసులు విచారించే న్యాయస్థానంలో) వాటిని రుజువు చేద్దామంటే ఆ లారీ ఎప్పుడో మరమ్మతై మళ్ళీ రోడ్డెక్కేసి ఉంటుంది. అందుకే దరఖాస్తు కన్నా ముందు ప్రమాద కారణం గురించి మాట్లాడుకోవాలి. కారణాన్ని బట్టే ఎవరు బాధ్యులో, ఎంత బాధ్యులో తేలుతుంది.

కారణం రికార్డుకెక్కాలి

హైవేల మీద బాగా కనిపించే కారణం, రాత్రిపూట రోడ్డు మీదే ఆపి ఉంచిన లారీ. పార్కింగ్ లైట్లు ఉండవు, హెచ్చరిక త్రికోణం పెట్టరు, వెనక ఎర్రటి రిఫ్లెక్టివ్ టేపు ఊడిపోయి ఉంటుంది, లేదా మట్టి కప్పేసి ఉంటుంది. వెనక నుంచి వచ్చి గుద్దినవాడిదే తప్పని పోలీసులు రాసేస్తారు. ఇలాంటి కేసుల్లో బీమా కంపెనీ మొదట పట్టుకునేది "బాధితుడి స్వంత నిర్లక్ష్యం" అన్న వాదననే. దాన్ని ట్రిబ్యునల్ కొంత ఒప్పుకున్నా పరిహారంలో అంత శాతం కోత పడుతుంది. లారీ వెనకభాగం, అది ఆగిన చోటు, రోడ్డు అంచుకి ఎంత లోపల ఉందన్నది కనిపించేలా ఫోటోలు తీసి ఉంటే ఆ వాదన నిలవడం కష్టం. ఫోటోలు ఆ రాత్రే తీయాలి, లారీని పక్కకి లాగక ముందే.

తర్వాతిది లోడు. బరువు పెరిగినకొద్దీ లారీ ఆగడానికి పట్టే దూరం పెరుగుతుంది, ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి, వెనక టైర్లు పేలతాయి. దీనికి రుజువులు లారీని లోడుతో తూచినప్పుడు ఇచ్చే వేబ్రిడ్జి చీటీ, సరుకుకు తీసిన ఈ-వే బిల్లు. బాడీ దాటి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప ఊచలుంటే వాటి ఫోటో ఒక్కటి చాలు.

మూడోది డ్రైవర్ అలసట. రోజుకు 8 గంటలే పని అన్న నియమం సుదూర ప్రయాణాల్లో నిలబడటం అరుదు. తెల్లవారుజామున ప్రమాదం జరిగి, రోడ్డు మీద బ్రేకు వేసిన టైరు గుర్తులే లేకపోతే నిద్రమత్తును అనుమానించాలి. లారీ దాటిన టోల్ గేట్ల ఫాస్టాగ్ రికార్డును తెప్పించమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. ఎన్ని గంటలు విశ్రాంతి లేకుండా నడిపాడో అందులో తెలిసిపోతుంది. ఇక మలుపుల దగ్గర ఎడమవైపు బైకు డ్రైవర్ కంటికి ఆనకపోవడం, అరిగిన టైర్లు, గాలి బ్రేకుల్లో ఒత్తిడి పడిపోవడం వంటివి మిగతా కారణాలు.

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ తనిఖీ నివేదికల్లో చాలాసార్లు "ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరగలేదు" అన్న వాక్యం ఉంటుంది. అది చూసి కంగారు పడకండి, డ్రైవర్ నిర్లక్ష్యమే కారణమనడానికి అదీ పనికొస్తుంది. ఒకవేళ లోపం ఉందని రాసినా యజమాని తప్పించుకోలేడు. లోపం ముందే తెలుసుకోగలిగేది కాదని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని అతనే నిరూపించుకోవాలి.

ఎవరెవరిని ప్రతివాదులుగా చేర్చాలి

డ్రైవర్, రిజిస్టర్డు యజమాని, బీమా కంపెనీ. ఈ ముగ్గురూ తప్పనిసరి. లారీ ఎప్పుడో అమ్మేశానని యజమాని చెప్పినా, ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్ళే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. కొన్నవాడి వివరాలు తెలిస్తే అతన్నీ చేర్చండి, నష్టం లేదు. ట్రైలర్ ఉన్న బండైతే ముందున్న ఇంజిన్ బండి నంబరు, వెనక ట్రైలర్ నంబరు రెండూ రాసుకోవాలి. రెండింటికీ వేర్వేరు రిజిస్ట్రేషన్లు, వేర్వేరు పాలసీలు ఉండవచ్చు. రెండు వాహనాల తప్పూ ఉన్న ప్రమాదంలో మూడో వ్యక్తి గాయపడితే, ఎవరో ఒకరి నుంచి మొత్తం పరిహారం రాబట్టుకునే హక్కు ఉంది.

పాలసీ, ఫిట్‌నెస్, పర్మిట్ ప్రమాదం రోజున అమలులో ఉన్నాయో లేదో ఎం పరివహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడవచ్చు. లారీకి 8 ఏళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. డ్రైవర్‌కు సరైన లైసెన్సు లేదని బీమా కంపెనీ తప్పుకోవాలని చూస్తుంది. స్థూల బరువు 7,500 కిలోల లోపున్న బండికి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అంతకన్నా పెద్ద లారీలో లైసెన్సు లోపం నిజమే అయినా, రోడ్డు మీద వెళ్ళే మూడో వ్యక్తికి ముందు కంపెనీ చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని ట్రిబ్యునళ్ళు ఆదేశిస్తుంటాయి. దరఖాస్తులో ఆ మేరకు ప్రత్యామ్నాయంగా కోరుకోండి.

ఒక్కచోట మాత్రం ఈ రక్షణ పనిచేయదు. సరుకు లారీలో ఊరికే ఎక్కి ప్రయాణించిన వాళ్ళకు బీమా కంపెనీ బాధ్యత ఉండదని 2002లో ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. సరుకు యజమాని, లేదా అతని తరఫున సరుకు వెంట వెళ్ళిన మనిషి అయితే బీమా వర్తిస్తుంది. మిర్చి బస్తాల వెంట మార్కెట్‌కు వెళ్ళే రైతు ఆ సరుకు తనదేనని చూపే కాగితం దగ్గర పెట్టుకోవాలని చెప్పేది ఇందుకే. ఇక లారీ డ్రైవర్, క్లీనర్ గాయపడితే కార్మిక చట్టం కిందో, మోటారు వాహనాల చట్టం కిందో ఏదో ఒక్కదారే ఎంచుకోవాలి.

గడువులు

2022 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. 10 రోజుల్లో బాధితులకు వాళ్ళ హక్కులు తెలిపే ఫారం 2 ఇవ్వాలి. బాధితులు ఫారం 6 నింపి, పత్రాలతో సహా 60 రోజుల్లో ఆ అధికారికి ఇవ్వాలి. 90 రోజుల్లో సమగ్ర ప్రమాద నివేదిక ట్రిబ్యునల్‌కు చేరాలి. ఈ నివేదికనే పరిహారం దరఖాస్తుగా తీసుకోవచ్చని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166(4) చెబుతోంది.

కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు. అయినా పోలీసులు పంపుతారులే అని కూర్చోవద్దు. సెక్షన్ 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు దరఖాస్తు వేయాలి. సొంతంగా దరఖాస్తు వేసి ఉంటే, పోలీసు నివేదిక వచ్చాక రెండూ కలిపి విచారిస్తారు.

దరఖాస్తు ఎక్కడ, ఎలా

ప్రమాదం జరిగిన చోటి ట్రిబ్యునల్, బాధితులు ఉండే చోటిది, ప్రతివాది ఉండే చోటిది, వీటిలో ఏదైనా ఎంచుకోవచ్చు. సొంత జిల్లాలో వేసుకోవడమే మేలు, వాయిదాలకు తిరగడం తగ్గుతుంది. తెలుగు రాష్ట్రాల్లో దీనికి ఎం.వి.ఓ.పి. (మోటారు వాహనాల ఒరిజినల్ పిటిషన్) నంబరు పడుతుంది. గాయపడిన వ్యక్తి స్వయంగా, లేదా అతను అధికారమిచ్చిన ప్రతినిధి వేయవచ్చు. మరణించిన కేసులో వారసులందరి పేర్లూ ఉండాలి. ఎవరైనా రానంటే వాళ్ళను ప్రతివాదులుగా చూపించాలి.

జత చేయాల్సినవి:
- ఎఫ్‌ఐఆర్, సంఘటనా స్థలం పంచనామా, స్కెచ్, వచ్చి ఉంటే ఛార్జిషీటు
- గాయాల ధ్రువపత్రం. మరణమైతే శవపంచనామా, పోస్టుమార్టం నివేదిక
- మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ నివేదిక
- లారీ ఆర్‌సీ, పాలసీ, ఫిట్‌నెస్, పర్మిట్, డ్రైవర్ లైసెన్సు నకళ్ళు
- ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, ప్రయాణ ఖర్చుల రశీదులు
- వయసు, ఆదాయం రుజువులు, బ్యాంకు పాసుపుస్తకం నకలు

గాయాల ధ్రువపత్రంలో "రోడ్డు ప్రమాదం" అని, బండి నంబరు తెలిస్తే అదీ రాయించండి. ఆసుపత్రిలో తొందరలో "జారి పడ్డారు" అని రాసేసిన కాగితం ఒక్కటే మొత్తం కేసుకు అడ్డం పడుతుంది. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైతే ఎందుకు ఆలస్యమైందో దరఖాస్తులోనే వివరించాలి. డ్రైవర్ మీద క్రిమినల్ కేసు కొట్టేసినంత మాత్రాన పరిహారం పోదు. ట్రిబ్యునల్ చూసేది ఏది ఎక్కువ సంభవమన్నదే.

తొలి 7 రోజుల చికిత్స విషయం వేరు. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకంలో గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఒక్కొక్కరికి రూ.1.5 లక్షల దాకా వర్తిస్తుంది. దానికి ట్రిబ్యునల్ అవసరం లేదు.

ఎంత అడగాలి

గాయాల కేసులో వైద్య ఖర్చు, పనికి వెళ్ళలేని నెలల ఆదాయం, నొప్పి, సాయంగా ఉన్న మనిషి ఖర్చు, ముందుముందు చికిత్స, శాశ్వత వైకల్యం వల్ల తగ్గే సంపాదన, ఇవన్నీ వేర్వేరు పద్దులుగా రాయాలి. అసలు పెద్ద మొత్తం చివరి పద్దులోనే ఉంటుంది.

వయసు 34, నెలకు రూ.18,000 సంపాదించే స్వయం ఉపాధి మనిషి అనుకుందాం. ఏడాదికి రూ.2,16,000. 40 ఏళ్ళలోపు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపితే రూ.3,02,400. 31 నుంచి 35 ఏళ్ళకు గుణకం (వయసును బట్టి ఏడాది ఆదాయాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) 16, అంటే రూ.48,38,400. సంపాదన సామర్థ్యం 40 శాతం పోయిందని తేలితే రూ.19,35,360. ఈ శాతమంటే డాక్టరు ఒక అవయవానికి రాసే శాతం కాదని 2010 నాటి సుప్రీంకోర్టు రాజ్ కుమార్ తీర్పు చెబుతుంది. గుమాస్తాకు కాలు పోవడం, డ్రైవర్‌కు కాలు పోవడం ఒకటి కాదు. సర్టిఫికెట్ ఒక్కటి దాఖలు చేస్తే సరిపోదు, దాన్ని ఇచ్చిన డాక్టరును సాక్షిగా పిలిపించి, ఆ వృత్తి మళ్ళీ చేయగలడో లేదో చెప్పించాలి. ఎన్నో కేసుల్లో లక్షలు తగ్గేది ఈ సాక్ష్యం లేకనే.

మరణమైతే చనిపోయిన మనిషి సొంత ఖర్చుల కింద ఆదాయంలో కోత ఉంటుంది: ఆధారపడ్డవారు ఇద్దరు ముగ్గురైతే మూడో వంతు, నలుగురి నుంచి ఆరుగురైతే నాలుగో వంతు.

తప్పు ఎవరిదో చూడకుండా ఇచ్చే సెక్షన్ 164 పరిహారం మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు. బీమా కంపెనీ సెక్షన్ 149 కింద వచ్చి ఈ మొత్తం ఇస్తామంటే సంతకం పెట్టే ముందు ఆగండి. ఒప్పుకుని తీసుకుంటే ట్రిబ్యునల్‌లో ఉన్న దరఖాస్తు రద్దైపోతుంది. పై లెక్కలోని మనిషి రూ.2.5 లక్షలకు సంతకం పెడితే కోల్పోయేదెంతో చూడండి.

లారీ ఆగకుండా పోతే

నంబరు దొరకని కేసులో దరఖాస్తు రెవెన్యూ డివిజన్ స్థాయి విచారణాధికారికి, అంటే ఆర్డీవో లేదా తహసీల్దారు కార్యాలయానికి వెళ్తుంది. మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50,000. విచారణాధికారి నెలలో నివేదిక పంపితే కలెక్టర్ 15 రోజుల్లో మంజూరు చేయాలి. తర్వాత లారీ దొరికి ట్రిబ్యునల్ పరిహారం ఇస్తే ఈ మొత్తం అందులోంచి తిరిగి జమ చేస్తారు.

అవార్డు వచ్చాక

అవార్డు, అంటే ట్రిబ్యునల్ పరిహారపు తీర్పు, వెలువడిన 30 రోజుల్లో బీమా కంపెనీ సొమ్ము జమ చేయాలి. చేయకపోతే సెక్షన్ 174 కింద రికవరీకి దరఖాస్తు వేయండి. తక్కువ ఇచ్చారనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేయవచ్చు, వివాదం రూ.లక్షకు తక్కువైతే అప్పీలు ఉండదు. మైనర్ల వాటాను ట్రిబ్యునల్ బ్యాంకు డిపాజిట్‌లో పెట్టిస్తుంది. చదువుకో, వైద్యానికో ముందే కావాల్సి వస్తే కారణం చూపి విడుదల చేయమని అదే ట్రిబ్యునల్‌ను అడగవచ్చు.