జనరేటెడ్ కోడ్ వల్ల బిల్డ్ ఆగిపోతుంటే

క్లీన్ చేసి బిల్డ్ చేస్తే "కెనాట్ ఫైండ్ సింబల్" అంటోంది

నిన్నటిదాకా మీ మెషీన్‌లో బాగానే నడిచింది. ప్రతి మార్పుకూ బిల్డ్‌ను ఆటోమేటిక్‌గా నడిపే సీఐ సర్వర్‌లో మాత్రం పదుల కొద్దీ ఎర్రర్లు. ముందు ఆ ఎర్రర్లలో కనిపించే క్లాసుల పేర్లు చదవండి. అవన్నీ జనరేటెడ్ కోడ్ అయితే, అంటే చేత్తో రాసినవి కాక ప్రోటోబఫ్, యాంట్లర్ లాంటి టూల్స్ స్కీమా, గ్రామర్ ఫైళ్ల నుంచి తయారుచేసేవే అయితే, మీ కోడ్‌లో తప్పు వెతకడం మానేయండి. ఆ క్లాసులు పుట్టకముందే కంపైల్ మొదలైపోతోంది. మీ దగ్గర పాత ఫైళ్లు మిగిలి ఉండబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదంతే.

జావా బిల్డ్ టూల్ గ్రేడిల్‌లో దీనికి నేను ఎక్కువగా చూసిన కారణం ఒకటుంది. సోర్స్ సెట్‌కు (కంపైల్ చేయాల్సిన కోడ్ ఫోల్డర్ల జాబితాకు) ఫోల్డర్ పాత్‌ను ఉత్త స్ట్రింగ్‌గా ఇచ్చేస్తారు. ఆ ఫోల్డర్‌ను నింపే టాస్క్ (బిల్డ్‌లోని ఒక పని) ఏదో గ్రేడిల్‌కు తెలిసే దారి లేదు. పాత్ బదులు ఆ టాస్క్ అవుట్‌పుట్‌నే సోర్స్ డైరెక్టరీగా ఇవ్వండి. అప్పుడు ఏది ముందో ఏది తర్వాతో గ్రేడిలే చూసుకుంటుంది. రెండు టాస్కులూ ఒకే బిల్డ్‌లో రన్ అవుతూ డిపెండెన్సీ చెప్పకపోతే గ్రేడిల్ 7 హెచ్చరించి వదిలేసేది, 8 నుంచి బిల్డ్‌నే ఆపేస్తోంది. జనరేట్ చేసే టాస్క్ అసలు రన్ కాకపోతే మాత్రం ఆ మెసేజ్ కూడా రాదు, ఉత్త కంపైల్ ఎర్రర్లే మిగులుతాయి.

మీ బిల్డ్ టూల్ మేవెన్ అయితే కోడ్ పుట్టించే ప్లగిన్ ఏ ఫేజ్‌లో (బిల్డ్ దశలో) రన్ అవుతోందో చూడండి. జనరేట్-సోర్సెస్ ఫేజ్ కంపైల్ కన్నా ముందు వస్తుంది, అక్కడే ఉండాలి. యాంట్లర్ ప్లగిన్ తన ఫోల్డర్‌ను తనే సోర్స్ లిస్టులో చేర్చుకుంటుంది. మీరు సొంత స్క్రిప్టుతో కోడ్ పుట్టిస్తుంటే ఆ పని బిల్డ్-హెల్పర్ ప్లగిన్‌లోని యాడ్-సోర్స్‌తో మీరే చేయాలి.

టెర్మినల్‌లో బిల్డ్ పాస్, ఎడిటర్‌లో అంతా ఎరుపు

జనరేటెడ్ ఫోల్డర్‌ను ఎడిటర్‌లో చేత్తో సోర్స్ రూట్‌గా (ప్యాకేజీ ఫోల్డర్లు మొదలయ్యే చోటుగా) మార్క్ చేసి ఊరుకోవద్దు, ప్రాజెక్ట్ రీలోడ్ చేస్తే ఆ మార్క్ పోవచ్చు. బిల్డ్ ఫైల్‌లో చేర్చి రీలోడ్ చేయండి. అప్పటికీ ప్యాకేజీ పేరు కుదరలేదంటే రూట్ ఒక మెట్టు పైన పెట్టారేమో చూడండి. మేవెన్‌లో యాంట్లర్ కోడ్‌కు రూట్ "టార్గెట్/జనరేటెడ్-సోర్సెస్/యాంట్లర్4". మీ ప్యాకేజీ "కామ్"తో మొదలైతే, రూట్ లోపలికి వెళ్లగానే "కామ్" ఫోల్డర్ కనిపించాలి.

"డూప్లికేట్ క్లాస్"

ఎవరో ఒకసారి జనరేటెడ్ ఫైల్‌ను "ఎస్ఆర్‌సీ/మెయిన్/జావా"లోకి కాపీ చేసి కమిట్ చేసి ఉంటారు. గిట్ ఇగ్నోర్‌లో రాస్తే సరిపోదు, అప్పటికే ట్రాక్ అవుతున్న ఫైల్‌కు అది వర్తించదు. ముందు ఆ కాపీని గిట్‌లోంచి తీసేయండి.

తీసేసిన క్లాస్ ఇంకా కనిపిస్తోంది

ప్రోటోబఫ్ స్కీమాలో ఒక మెసేజ్ (డేటా రకం నిర్వచనం) తీసేసినా దాని పాత ఫైల్ అలాగే ఉండిపోవచ్చు. చాలా జనరేటర్లు కొత్తవి రాస్తాయి గానీ పాతవి తుడవవు. క్లీన్ చేస్తే ఇవాళ్టికి గడుస్తుంది. అసలు పరిష్కారం ఒక్కో జనరేటర్‌కు విడి ఫోల్డర్ ఇవ్వడం, ప్రతిసారీ రాసే ముందు దాన్ని ఖాళీ చేయించడం. ఒకే ఫోల్డర్‌లోకి రెండు టూల్స్ రాస్తుంటే ఏది ఎవరి ఫైలో తెలియదు, భయం లేకుండా తుడవలేరు.

చేసిన మార్పు మాయమైంది

నేను ఒకసారి పార్సర్‌లో బగ్‌ను నేరుగా జనరేటెడ్ ఫైల్‌లోనే సరిచేశాను. టెస్టులు పాసయ్యాయి. మరుసటి రోజు క్లీన్ బిల్డ్‌తో ఆ నాలుగు లైన్లూ పోయాయి, బగ్ తిరిగొచ్చింది. ఏం జరిగిందో అర్థమయ్యేసరికి మధ్యాహ్నమైంది, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మార్పు గ్రామర్‌లోనో టెంప్లేట్‌లోనో చేయాలి. సొంత లాజిక్ కావాలంటే జనరేటెడ్ బేస్ క్లాస్‌ను ఎక్స్‌టెండ్ చేసి, మీ క్లాస్‌ను మీ సోర్స్ ఫోల్డర్‌లో పెట్టుకోండి.

జనరేటెడ్ కోడ్‌ను కమిట్ చేయక తప్పకపోతే

గో ప్రాజెక్టుల్లో ఇది మామూలే, ఎందుకంటే గో బిల్డ్ కమాండ్ తనంతట తాను, కోడ్ పుట్టించే గో జనరేట్ కమాండ్‌ను రన్ చేయదు. అలాంటప్పుడు సీఐలో కోడ్‌ను మళ్లీ జనరేట్ చేయించి గిట్ డిఫ్ చూడండి. ఒక్క లైన్ తేడా ఉన్నా బిల్డ్ ఫెయిల్ చేయండి. గిట్ డిఫ్ కొత్త ఫైళ్లను చూపించదు కాబట్టి గిట్ స్టేటస్‌ను కూడా చెక్ చేయించండి.