ఆస్ట్రేలియా సైనికుడి సర్వీసు ఫైలులో అతని కుటుంబాన్ని వెదకడం ఎలా?

మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన ఆస్ట్రేలియా సైనికుడి సర్వీసు ఫైలు సంపాదించడం ఇవాళ కష్టమేమీ కాదు. ఆ కాలపు బ్రిటిష్ సైనికుల కాగితాల్లో అధికభాగం 1940లో లండన్‌పై జరిగిన బాంబు దాడుల్లో కాలిపోగా, ఆస్ట్రేలియన్ ఇంపీరియల్ ఫోర్స్ (ఎ.ఐ.ఎఫ్.) అనే ఆస్ట్రేలియా సైన్యంలో చేరినవారివి నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఆస్ట్రేలియాలో బి2455 అనే వరుసలో నిలిచి ఉన్నాయి. స్కాన్ చేసిన పేజీలను ఆ సంస్థ ఆన్‌లైన్ జాబితా అయిన రికార్డ్‌సెర్చ్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అసలు శ్రమ ఆ పేజీల నుంచి ఇంటి సంగతులు రాబట్టడంలోనే ఉంది.

ముందుగా మనిషిని ఖాయం చేసుకోవాలి. సర్వీసు నంబరు చేతిలో ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ఆ యుద్ధంలో దళాలు ఎవరి నంబర్లు వారే ఇచ్చుకున్నందువల్ల ఒకే నంబరు ఎందరికో ఉంటుంది. ఫైలు శీర్షికలో పుట్టిన ఊరు, సైన్యంలో చేరిన ఊరు, దగ్గరి బంధువు పేరు కనిపిస్తాయి కనుక వాటితో సరిచూసుకోవాలి.

ఆ తరువాత చేరిక పత్రం చదవాలి. 21 ఏళ్ల లోపువారికి తల్లిదండ్రుల సమ్మతి అవసరమయ్యేది, దాన్ని తప్పించుకోవడానికి కొందరు వయసు పెంచి చెప్పేవారు కాబట్టి అందులోని వయసును గుడ్డిగా నమ్మరాదు. అదే పత్రంలో, పెళ్లయినవాడు తన జీతంలో కనీసం ఐదింట రెండు వంతులు భార్యకు, పిల్లలు కూడా ఉంటే ఐదింట మూడు వంతులు కుటుంబానికి కేటాయిస్తానని ఒప్పుకున్న వాక్యం ఉంటుంది. పెళ్లికానివాడి విషయంలో దాన్ని కొట్టివేయాలని నిబంధన. సముద్రం దాటిన సాధారణ సిపాయికి రోజుకు 6 షిల్లింగుల జీతం రాసేవారు. అందులో 1 షిల్లింగు సైన్యం నుంచి విడుదలయ్యేవరకూ చేతికి వచ్చేది కాదు. ఈ లెక్క తెలిస్తే ఇంటికి ఎంత చేరేదో ఊహించవచ్చు.

దగ్గరి బంధువు పేరు రాసిన పంక్తి దగ్గర కాసేపు ఆగాలి. తల్లి పేరును కొట్టివేసి, దాని పక్కన ఇంగ్లండు చిరునామాతో భార్య పేరు రాసి ఉంటే, అతను సెలవులోనో ఆసుపత్రి నుంచి కోలుకుంటున్నప్పుడో అక్కడ పెళ్లి చేసుకుని ఉండవచ్చు. అప్పుడు ఇంగ్లండ్, వేల్స్ వివాహ సూచికలను చూడాలి. అవి మూడు నెలలకొక భాగంగా ఉంటాయి; 1912 నుంచి ప్రతి పేరు పక్కనా జీవిత భాగస్వామి ఇంటిపేరు ఇచ్చారు గనుక జంటను పోల్చుకోవడం సులువు. ధ్రువపత్రం తెప్పించుకుంటే ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు తెలుస్తాయి. స్కాట్లాండు రిజిస్టర్లు మాత్రం వేరు. అయితే చాలామంది ఎ.ఐ.ఎఫ్. సైనికులు బ్రిటన్‌లోనే పుట్టినవారన్న సంగతి మరవకూడదు. ఇంగ్లండు చిరునామా కన్నవారిదీ కావచ్చు.

సైనికుడి కదలికలకు బి103 అనే ఫారం ఆధారం. అందులో ప్రతి నమోదుకూ రెండు తేదీలుంటాయి: ఎడమవైపుది ఆ సమాచారం అందిన రోజు, కుడివైపుది సంఘటన జరిగిన రోజు. వీటిని తారుమారు చేస్తే గాయపడిన తేదీ వారాలు వెనక్కో ముందుకో జరిగిపోతుంది. ఎ.డబ్ల్యు.ఎల్. అంటే అనుమతి లేని గైర్హాజరు, జి.ఎస్.డబ్ల్యు. అంటే తూటా గాయం, ఆర్.టి.ఎ. అంటే ఆస్ట్రేలియాకు తిరిగి ప్రయాణం.

చాలామంది ఈ ఫారంతోనే ఆపేస్తారు. నా దృష్టిలో ఫైలుకు ప్రాణం మెల్‌బోర్న్‌లోని బేస్ రికార్డ్స్ కార్యాలయంతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలే. కొడుకు క్షేమం అడిగే తల్లి, జీతం వాటా అందలేదనే భార్య, ఒక్కోసారి బిడ్డ పోషణ కోసం అతని చిరునామా కోరే ఇంగ్లండు యువతి అక్కడ ఎదురవుతారు. మరణించినవారి పతకాలు ఎవరికి చెందాలో తేల్చేందుకు, మరింత దగ్గరి రక్తసంబంధీకులున్నారా అని కార్యాలయం రాసిన లేఖలకు వచ్చిన జవాబుల్లో అన్నదమ్ములు, సవతి బంధువులు, విడిపోయిన భార్యలు బయటపడతారు. ఇటువంటి విషయం దొరికితే, బతికున్న వారసులతో మాట్లాడకుండా నలుగురిలో పెట్టకపోవడం మర్యాద.

సైనికుడు గల్లంతయ్యాడని ఉంటే రెడ్‌క్రాస్ విచారణ విభాగపు ఫైళ్లు చూడాలి. మాజీ ప్రధాని ఆల్ఫ్రెడ్ డీకిన్ కుమార్తె వేరా డీకిన్ 1915లో కైరోలో ప్రారంభించిన ఈ విభాగం మరుసటి ఏడాది లండన్‌కు మారింది. తోటి సైనికుల వాంగ్మూలాలున్న ఈ ఫైళ్లు ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో ఉన్నాయి. వారి మాటలు ఒకదానితో ఒకటి పొసగకపోతే, అక్కడే లభించే దళం యుద్ధ దినచర్యతో, అంటే ఆ దళం రోజువారీగా రాసుకున్న నమోదులతో, పోల్చి తూచుకోవాలి.

చివరగా, ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వారి ట్రోవ్ అనే ఆన్‌లైన్ భండారంలో ఊరి పత్రికలు వెదకాలి. సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాలను అవి తరచూ అచ్చువేసేవి. పూర్తి పేరుతో ఏమీ రాకపోతే, హోదాతో పాటు పేరులోని మొదటి అక్షరం, ఇంటిపేరు, ఊరు ఇచ్చి చూడాలి. అదీ ఫలించకపోతే తండ్రి పేరుకు ముందు శ్రీమతి చేర్చి తల్లిని వెదకాలి.