పాత కార్బొరేటర్ బండికి మైలేజ్ పెంచడం ఎలా? ఇంజన్ మార్చే ముందు ఇవి చేసి చూడండి

పాత మారుతి 800 మైలేజ్ పడిపోయిందని షెడ్డుకు తీసుకెళ్తే చాలు, "ఇంజన్ దింపేద్దాం అన్నా, ఎంపీఎఫ్ఐది పెడితే టెన్షన్ ఉండదు" అంటారు. కార్బొరేటర్ అంటే గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కు పంపే భాగం, ఎంపీఎఫ్ఐలో ఆ పని కంప్యూటర్ లెక్కతో ఇంజెక్టర్లు చేస్తాయి. కొంచెం ఆగండి, ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి, అవీ తక్కువ ఖర్చులో.

మొదట కొలవండి. ట్యాంక్ ఫుల్ చేయించి నాజిల్ దానంతటదే ఆగగానే చాలనండి, చిల్లర సరిచేయడానికి ఇంకో అర లీటరు పోయనివ్వొద్దు. 200 కిలోమీటర్లు మామూలుగా తిరిగి మళ్లీ అదే బంకులో అలాగే ఫుల్ చేయించి లెక్కేయండి. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా ఫస్టు, సెకండు గేర్లలో పాకే బండినీ, ఔటర్ రింగ్ రోడ్డు మీద 70లో పోయే బండినీ పోల్చి లాభం లేదు, రిపేరుకు ముందూ తర్వాతా రూటు ఒకటే ఉండాలి.

తర్వాత కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు వచ్చే ప్రెషర్) చెక్ చేయించండి. మూడు సిలిండర్లలో ఒకటి బాగా తక్కువ చూపిస్తే కార్బొరేటర్‌ను ఎంత కడిగినా దండగే, ముందు వాల్వులు పోయాయా, పిస్టన్ రింగులు అరిగాయా చూడాలి.

కంప్రెషన్ బాగుంటే కూడా వెంటనే కార్బ్ విప్పొద్దు. టైర్లలో గాలి, పట్టేస్తున్న బ్రేకులు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గుల గ్యాప్, డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు ఉంటే వాటి గ్యాప్, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం), వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర వదలాల్సిన సందు) అన్నీ సెట్ చేయించాకే దాని జోలికి వెళ్లాలి. అన్నట్టు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వ్) ఉందో లేదో చూడండి. మన ఎండలకు వేడెక్కుతుందని చాలామంది మెకానిక్‌లు దాన్ని పీకి పారేస్తారు, దాంతో ఇంజన్ సరిగ్గా వేడెక్కక పెట్రోల్ తాగుతూనే ఉంటుంది. రాణీగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో అడిగితే కొత్తది దొరకొచ్చు.

ఇప్పుడు కార్బొరేటర్. చోక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడానికి గాలి తగ్గించే మూత) పూర్తిగా తెరుచుకుంటోందా? సగం మూసుకునే ఉంటే అసలు దొంగ అదే. ఫ్లోట్ లెవెల్ (కార్బ్ గిన్నెలో పెట్రోల్ నిలిచే ఎత్తు), ఆ గిన్నెలోకి పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వ్ చూడాలి, కింద గాస్కెట్ దగ్గర, వ్యాక్యూమ్ పైపుల దగ్గర గాలి లీకు లేకుండా చేయాలి. పెట్రోల్ వచ్చే సన్న కన్నాల జెట్లను మాత్రం తీగతో పొడవనివ్వొద్దు, అవి ఇత్తడివి, కన్నం కాస్త పెద్దదైనా ఇక ఎప్పటికీ ఎక్కువే తాగుతుంది. క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పట్టిస్తే సరిపోతుంది.

మిక్చర్ (గాలి, పెట్రోల్ నిష్పత్తి) సెట్టింగ్ ఇంజన్ బాగా వేడెక్కాకే. స్క్రూను మెల్లగా తిప్పుతూ ఆర్‌పీఎం ఎక్కడ ఎక్కువ వస్తుందో పట్టుకోండి, అక్కడి నుంచి అది తగ్గడం మొదలయ్యే దాకా కొంచెం లోపలికి. కార్లలో మామూలుగా లోపలికి తిప్పితే పెట్రోల్ తగ్గుతుంది, పెట్రోల్‌కు బదులు గాలిని సర్దే ఎయిర్ స్క్రూ ఉన్న బైకుల్లో ఉల్టా. ఇదంతా ఐడ్లింగ్‌కే (బండి ఆగి ఇంజన్ నడిచేటప్పటికే), రోడ్డు మీద మైలేజ్ మెయిన్ జెట్, ఫ్లోట్ లెవెల్ చేతిలో ఉంటుంది. సెట్ చేశాక పొల్యూషన్ చెక్ చేయించి సీఓ (కార్బన్ మోనాక్సైడ్) ఎంతొచ్చిందో చూడండి, ఎక్కువుంటే పెట్రోల్ పూర్తిగా కాలకుండా బయటికి పోతున్నట్టే.

కానీ మైలేజ్ ఆశతో మరీ లీన్ (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) చేయొద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 (20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోల్), ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత కార్బ్‌లో మిక్చర్ ముందే లీన్ వైపు ఉంటుంది, ఇంకా తగ్గిస్తే వేడెక్కి వాల్వులు కాలతాయి. ఇథనాల్‌ను తట్టుకోలేని పాత రబ్బరు పైపులు కూడా మార్చేయండి.

ఇక ఇంజన్ మార్పు లెక్క. నెలకు 500 కిలోమీటర్లు, లీటరు 107 రూపాయలు, బండి ఇస్తున్నది లీటరుకు 12 కిలోమీటర్లు అనుకుందాం. ట్యూనింగ్‌తో 15 వస్తే నెలకు దాదాపు 890 రూపాయలు మిగులుతాయి. లక్ష పెట్టి ఇంజన్ మార్చి 18 తెచ్చుకుంటే నెలకు 1,490 దాకా మిగులుతాయి, వినడానికి బాగుంది, కానీ పోల్చాల్సింది ట్యూన్ చేసిన 15తో, అప్పుడు అదనంగా మిగిలేది 600 కూడా ఉండదు, ఆ లక్ష తిరిగి రావడానికి 14 ఏళ్లు! పైగా ఎంపీఎఫ్ఐ అంటే ఇంజన్ ఒక్కటే కాదు, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), వైరింగ్, సెన్సర్లు, ట్యాంకులో పంపు, అన్నీ రావాలి.

బ్లాకే పోయి, రీబోర్‌కు (సిలిండర్‌ను మళ్లీ తొలిచి సాపు చేయడానికి) కూడా పనికిరాకపోతే మార్చక తప్పదు. అప్పుడు కూడా అదే మోడల్ ఇంజన్ వెతకడమే నయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, ఆర్సీలో ఇంజన్ నంబర్ తేడా ఉంటే రెన్యువల్ దగ్గరా ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా ఇరుక్కుంటారు. అందుకే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడిగి, వచ్చే ఇంజన్ మీద నంబర్ చెక్కుచెదరకుండా ఉందా, అమ్మేవాడు బిల్లు ఇస్తాడా చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.