సైడింగ్‌లో నిలిపిన ఇంజన్ నుంచి సామాను పోకుండా చూసుకోవడం ఎలా

లైన్ల మీదికి కరెంటు తీగ వచ్చాక డీజిల్ ఇంజన్లకు పని తగ్గింది. రాయగడ, కోరాపుట్, గుణుపురం వైపు ఫ్యాక్టరీ సైడింగుల్లో (మెయిన్ లైను నుంచి పక్కకు చీలిన లైన్లలో), యార్డు చివరి లైన్లలో నిలిపి ఉంచే ఇంజన్ల బాధ్యత చాలాసార్లు ఒక వాచ్‌మన్ మీదా, ఒక సూపర్‌వైజర్ మీదా పడుతుంది. ఈ పద్ధతి వాళ్ల కోసం. ఇక్కడి వివరాలు డబ్ల్యూడీఎం-3ఎ, డబ్ల్యూడీజీ-3ఎ లాంటి, అమెరికా కంపెనీ ఆల్కో నమూనా డీజిళ్లవి. చిన్న షంటింగ్ ఇంజన్లకూ చాలావరకు పనికొస్తాయి.

దొంగకు కావలసింది ఇంజన్ కాదు. అందులో ఉన్న రాగి, ఇత్తడి, సీసం, డీజిల్. తుక్కు కొట్టులో కిలోల లెక్కన అమ్ముకునే ఆ కాస్త రాగి కోసం చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటారే చెడిపోతుంది. మన నష్టంలో పోయిన సామాను విలువ చిన్న భాగం. తెరిచి వదిలేసిన మూతల్లోంచి దిగిన వాన నీరు చేసేదే పెద్ద భాగం. అందుకే తాళాల సంగతి తర్వాత. దొంగ విప్పాలనుకునేవి ముందు మనమే విప్పి, లెక్క రాసి, గదిలో పెట్టేయాలి.

ముందు విప్పవలసినవి

బ్యాటరీలతో మొదలుపెట్టండి. ఆల్కో ఇంజన్‌లో రెండు పక్కల పెట్టెల్లో 8 వోల్టుల బ్యాటరీలు 8 ఉంటాయి. అన్నిటికంటే ముందు పోయేవి ఇవే. బ్యాటరీ కరెంటును ఆపే నైఫ్ స్విచ్ తెరిచి, మైనస్ కేబుల్ ముందు విప్పి, బ్యాటరీలను గదికి చేర్చి నెలకోసారి ఛార్జింగ్ పెట్టండి. ఇంజన్ మీదే ఉంచినా రెండు మూడు నెలల్లో ఛార్జ్ దిగి ప్లేట్లు పాడవుతాయి కాబట్టి, దొంగ భయం లేకపోయినా ఇది చేయాల్సిన పనే.

తర్వాత గవర్నర్, అంటే ఇంజన్ వేగాన్ని అదుపు చేసే పరికరం. చిన్నది, ఒక మనిషి మోసుకుపోగలడు, మళ్లీ కొనాలంటే చాలా ఖరీదు. కంట్రోల్ ప్యానెల్‌లోని ఎలక్ట్రానిక్ కార్డులు, స్పీడోమీటర్, ఎంయూ జంపర్ కేబుళ్లు (రెండు ఇంజన్లను కలిపి నడిపేందుకు మధ్యలో తగిలించేవి), హెడ్‌లైటు, ఫ్లాషర్ లైటు, హారన్లు, మంట ఆర్పే సిలిండర్లు, జాకీ, రివర్సర్ హ్యాండిల్, బ్రేక్ హ్యాండిళ్లు కూడా గదికే వెళ్లాలి. క్యాబ్‌లో డిటొనేటర్ల డబ్బా ఉంటే దాన్ని ఆ రోజే తీసి అప్పగించేయండి. అది పేలుడు సామాను, పిల్లల చేతిలో పడకూడదు.

డీజిల్ ట్యాంకును ఖాళీ చేయించాలి. డీజిల్ దొంగ మూత తెరిచే శ్రమ పడడు, కింద గొట్టం కోస్తాడు. అతని క్యాన్‌లో పడేది కొంతే, మిగతాదంతా పట్టాల కింది కంకరలో ఇంకి, నిప్పు ప్రమాదం తెస్తుంది. ట్యాంకులో కొంత ఉంచక తప్పకపోతే డిప్ స్టిక్‌తో కొలిచి, ఆ అంకెను సంతకంతో రిజిస్టర్‌లో రాయండి.

విప్పిన ప్రతి వస్తువుకీ రేకు ముక్క మీద ఇంజన్ నంబరు, వస్తువు పేరు, తేదీ పంచ్ కొట్టి కట్టండి. కాగితం చీటీలు ఒక్క వానాకాలం కూడా నిలవవు. తెరిచిన పైపు నోళ్లకు చెక్క బిరడా గానీ బ్లాంక్ ఫ్లాంజి గానీ పెట్టాలి. గుడ్డ కుక్కితే తేమ పట్టి లోపల తుప్పు మొదలవుతుంది.

విప్పలేనివాటి సంగతి

ఆరు ట్రాక్షన్ మోటార్లనూ, వాటి కేబుళ్లనూ విప్పుకుంటూ కూర్చోలేం. దొంగ బోగీ (ఇంజన్ చక్రాలు, మోటార్లు ఉండే కింది చట్రం) కిందికి దూరి, హ్యాక్‌సా బ్లేడుతో కేబుల్ కోస్తాడు. మోటారు తనిఖీ మూత లాగేసి కార్బన్ బ్రష్‌లను, ఇత్తడి బ్రష్ హోల్డర్లను పీకుతాడు. ఆ మూత అలాగే కింద పడి ఉంటే బ్రష్‌లు ఆనే రాగి భాగమైన కమ్యుటేటర్ మీద పచ్చటి చిలుము పడుతుంది, ఇన్సులేషన్ తడిసిపోతుంది.

దీనికి పనికొచ్చే ఉపాయం అడ్డపట్టీ. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప పట్టీని మూత మీదుగా వేసి, రెండు చివర్లా బోల్టులు బిగించి, నట్టు మీద చిన్న వెల్డింగ్ చుక్క పెడితే చాలు. విప్పాలంటే గ్రైండర్ కావాలి, గ్రైండర్ చప్పుడు దూరానికి వినిపిస్తుంది.

ఆ వెల్డింగ్ విషయంలోనే చాలామంది పెద్ద నష్టం చేస్తారు. ఎర్త్ క్లాంపును పట్టాకు తగిలించి ఇంజన్ మీద వెల్డింగ్ చేస్తే కరెంటు చక్రాల బేరింగుల గుండా పోయి రోలర్ల మీద గుంటలు పెడుతుంది. ఇంజన్ కదిలే రోజు దాకా అది బయటపడదు. క్లాంపు ఎప్పుడూ వెల్డ్ చేసే చోటుకు పక్కనే, అదే లోహం మీద ఉండాలి. బ్యాటరీలు, కార్డులు తీసేశాకే వెల్డింగ్ మొదలుపెట్టండి. డీజిల్ ట్యాంకు దరిదాపుల్లో అసలు వద్దు, అక్కడ బోల్టులతోనే సరిపెట్టండి.

తాళం స్టీలుదే కొనండి. ఇత్తడి తాళం కూడా అమ్ముడుపోయే సరుకే. తాళం చుట్టూ 100 మిల్లీమీటర్ల పైపు ముక్కను తొడుగులా వెల్డ్ చేస్తే రాడ్డు దూర్చి విరగ్గొట్టడానికి వీలుండదు. క్యాబ్ అద్దాలకు 3 మిల్లీమీటర్ల ఇనప రేకులు లోపలి నుంచి బోల్టు వేసి బిగించండి. ఒక్కో రేకులో పై వరసన, కింది వరసన నాలుగైదు చిల్లులు ఉంచాలి. గాలి ఆడని క్యాబ్ వానాకాలంలో లోపలే చెమర్చి, ప్యానెల్ వైర్లు పాడవుతాయి. రాళ్లు విసిరే కుర్రాళ్ల సమస్య కూడా ఈ రేకులతోనే తీరిపోతుంది. బాడీ మీద ఎవరైనా రాతలు రాస్తే వారంలోపు తుడిపించండి. పాడుబడినట్టు కనిపించే ఇంజన్ మీద చేయి వేయడానికి ఎవరూ జంకరు.

నిలిపే చోటు

గేటు క్యాబిన్ నుంచి కనపడే చోటు, లైటు పడే చోటు ఎంచుకోవాలి. చుట్టూ అయిదు మీటర్ల మేర పొదలు కొట్టించాలి. గ్యాస్ కట్టర్ సిలిండర్లు, నిచ్చెనలు, రాడ్లు దగ్గర్లో వదలకండి, చాలా దొంగతనాలకు పనిముట్లు మన యార్డులోవే. రెండు ఇంజన్లుంటే కప్లింగ్ వేసి కలిపి ఉంచండి.

25 కిలోవోల్టుల తీగ కింద మాత్రం వద్దే వద్దు. రాగి కోసమో, ఆటకో పైకెక్కినవాడు తీగను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు, కరెంటు దూకుతుంది. మన సామాను కోసం వచ్చినవాడిదైనా ప్రాణం ప్రాణమే. తప్పనిసరై అక్కడే ఉంచాల్సి వస్తే పైకెక్కే మెట్లకు రేకు కొట్టి, హెచ్చరిక బోర్డును ఒడియాలో, తెలుగులో, బొమ్మతో సహా పెట్టండి. బొమ్మ ముఖ్యం. ఈ పక్క ఊళ్లలో కుయి, సవర మాట్లాడే పిల్లల్లో ఆ రెండు లిపులూ రానివాళ్లుంటారు.

హ్యాండ్ బ్రేక్ బిగించాక గొలుసు వేసి తాళం పెట్టండి. చక్రాల కింద చెక్క దిమ్మెలు పెడితే వంటచెరుకుగా మాయమైపోతాయి, ఇనప స్కిడ్‌ను గొలుసుతో పట్టాకు కట్టాలి. ఆకతాయి ఎవడో బ్రేక్ వదిలేస్తే వంద టన్నులు దాటిన బండి వాలు పట్టుకుని మెయిన్ లైను మీదికి పోతుంది. ఆ దారిలో ఉన్న ట్రాప్ పాయింటు (జారిన బండిని మెయిన్ లైనుకు చేరకముందే పట్టా తప్పించేది) కూడా, బండిని పట్టా తప్పించే స్థితిలోనే క్లాంపు వేసి తాళంలో ఉండాలి.

స్టేషన్ల ముందు దిమ్మెల మీద పెట్టే నారోగేజ్ ఆవిరి ఇంజన్లకు వేరే బెడద ఉంది. నౌపడా–గుణుపురం లాంటి 2 అడుగుల 6 అంగుళాల లైన్ల ఇంజన్లను ఇష్టపడేవాళ్లు చాలామంది. నంబరు ప్లేటు, తయారీదారు ప్లేటు, ఈల, ఇంజెక్టరు, నీటిమట్టం గాజు ఇత్తడి బిగింపులు తుక్కుగానే కాదు, జ్ఞాపికలుగానూ పోతాయి. అసలువి తీసి లోపల భద్రపరిచి, ఫైబర్‌తో అచ్చు పోయించి రంగు వేసిన నకళ్లు పెట్టడమే మేలు.

తనిఖీ, ఫిర్యాదు

రోజూ ఒక చుట్టు, వారానికోసారి టార్చితో బోగీ కింద. వేళలు మారుస్తూ ఉండండి, రోజూ ఆరింటికే వచ్చే మనిషిని కాచుకోవడం తేలిక. రథయాత్ర, చైత్ర జాతర, బంద్ రోజులు, కరెంటు పోయిన రాత్రుల మర్నాడు తప్పకుండా చూడాలి. ఒక్క బోల్టు విప్పి ఉన్నా, కేబుల్ మీద కోత గాటు కనిపించినా అది రెక్కీ కిందే లెక్క, మళ్లీ వస్తారు.

పోయిందని తెలియగానే ముందు ఫొటోలు, తర్వాతే సర్దడం. కానీ ఫొటోలు కాగానే తెరిచిన ప్రతి నోటికీ టార్పాలిన్ కట్టేయండి, పోలీసులు వచ్చేదాకా వాన ఆగదు. ఇంజన్ రైల్వేదైతే ఫిర్యాదు రైల్వే రక్షక దళానికి (ఆర్‌పీఎఫ్), ఫోను 139. రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం, 1966 కింద మొదటి నేరానికే అయిదేళ్ల దాకా జైలు ఉంది. ఈ చట్టంలో దొంగ సొత్తుగా అనుమానించదగ్గ రైల్వే సామాను ఎవరి దగ్గర దొరికితే, అది సక్రమంగా వచ్చిందని వాళ్లే చూపించుకోవాలి. అది రైల్వేదని తేల్చేది మీరు కేబుల్ లగ్గుల మీద, మోటారు బాడీ మీద ముందే కొట్టి ఉంచిన పంచ్ నంబరు. ఇంజన్ ఫ్యాక్టరీ సొంతమైతే ఈ చట్టం వర్తించదు, స్థానిక ఠాణాలో భారతీయ న్యాయ సంహిత 303 కింద కేసు పెట్టించాలి. సరుకు రాష్ట్రం దాటే వీలుంది కాబట్టి పంచ్ నంబర్ల జాబితాను ఆంధ్ర వైపు ఠాణాకూ అదే రోజు పంపండి.

మళ్లీ కదిలించే ముందు బ్రేక్ పైపులు, బ్రేక్ బ్లాకులు, బోగీ కింద రిగ్గింగ్ పిన్నులు, లూబ్ ఆయిల్ గొట్టాలు ఒక్కొక్కటిగా చేత్తో తడిమి చూడాలి. ఒక్క లూబ్ గొట్టం లేకుండా స్టార్ట్ చేస్తే ఇంజన్ పట్టేస్తుంది. ఆరు మోటార్లకూ మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి, రీడింగ్ ఒక మెగా ఓమ్ కంటే తక్కువ వచ్చినదాన్ని వేడి గాలితో ఆరబెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ లేవకపోతే ఆ మోటారుకు కరెంటు వెళ్లకుండా కటౌట్ చేసి, ఇంజన్‌ను స్టార్ట్ చేయకుండా డెడ్ ఇంజన్‌గానే షెడ్డుకు లాగించండి.