ప్రవక్తల గ్రంథాలు, 4వ పాఠం: ‘ఐదో ఏడు’ అంటే ఏ ఏడు?

యెహెజ్కేలు 1:2లోని తేదీ ఏ ఏటిదో కట్టమని పోయినసారి ఇచ్చిన అభ్యాసానికి చాలామంది రాసిన జవాబు క్రీ.పూ. 592. అక్కడ యూదా రాజు యెహోయాకీను బబులోనుకు చెరకు పోయిన ఐదో ఏడని ఉంది కదా, 597లోంచి 5 తీసేశారు. తప్పు పాఠానిదే. ‘597లోంచి తీసేయండి’ అని ఒక్క ముక్కలో వదిలేసింది. అందుకని హోషేయను వచ్చే పాఠానికి జరిపి, ఈసారి తేదీలే చూద్దాం.

పిల్లాడికి ఐదో ఏడు నడుస్తోందంటే నాలుగే నిండాయని అర్థం. ఈ ఏళ్లూ అంతే. మొదటిది 597, రెండోది 596, మూడోది 595, నాలుగోది 594, ఐదోది 593. తీసేయాల్సింది 5 కాదు, 4. ఇరవై ఐదో ఏడైతే (40:1) 24 పోను 573. వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లు ఇక్కడ తడబడరు, క్యాలిక్యులేటర్ తీసినవాళ్లే తడబడతారు.

597 నుంచే ఎందుకంటే, బబులోను దినవృత్తాంతపు మట్టి పలక ప్రకారం యెరూషలేము పట్టుబడింది అదారు నెల 2న, అంటే 597 మార్చి 16న. అదారు ఏడాదిలో చివరి నెల. నెల తిరక్కుండానే మొదటి నెల నీసాను వచ్చి కొత్త ఏడు మొదలైంది, చెరలో మొదటి ఏడు అదే.

అసలు చిరాకు నెలలతో. ఏడాది మొదలయ్యేది జనవరిలో కాదు, వసంతంలో. ఉగాది చేసుకునే ఇళ్లలో ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. అంచనాకు నీసానును చైత్రం అనుకోండి. తొమ్మిదోది మార్గశిరం, పదోది పుష్యం, ఆపైన మాఘం, ఫాల్గుణం. మాఘం వచ్చేసరికి జనవరి ఒకటి దాటిపోయి ఉంటుంది, రాజుగారి ఏడు మాత్రం ఇంకా పాతదే. కాబట్టి 11, 12 నెలలకు ఇంకో 1 తగ్గించాలి. క్రీ.పూ. కదా, ముందుకు పోయేకొద్దీ అంకె తగ్గుతుంది. ఇక్కడ 1 కలిపేవాళ్లు రెండేళ్లు పక్కకు పోతారు. పదో నెల గోడమీద పిల్లి: మొదటి రోజులు కొన్నిసార్లు డిసెంబరులోనే పడతాయి, మిగతావి జనవరిలోకి వస్తాయి.

యెహెజ్కేలు 24:1 తీసుకోండి. తొమ్మిదో ఏడు, పదో నెల, పదో రోజు. 597లోంచి 8 పోతే 589, జనవరి దాటింది కాబట్టి 588. బబులోను రాజు యెరూషలేమును ముట్టడించిన రోజది, తేదీ రాసిపెట్టుకోమని ప్రవక్తకు ఆజ్ఞ. 8:1 ఆరో నెల, పేచీ లేదు: 592.

33:21 చూడండి. పన్నెండో ఏడు, పదో నెల, ఐదో రోజు: 585 జనవరి. నగరం కూలిందని తప్పించుకొచ్చిన ఒకడు కబురు తెచ్చాడు. నగరం తగలబడింది ఐదో నెలలో (2 రాజులు 25:8). అది 586 అయితే కబురుకు ఐదు నెలలు పట్టింది. ఎజ్రా బబులోను నుంచి యెరూషలేముకు వచ్చింది నాలుగు నెలల్లో (ఎజ్రా 7:9), కాబట్టి నమ్మొచ్చు. అదే 587 అంటే దాదాపు ఏడాదిన్నర! ఈ పాఠాల్లో 586 వాడేది అందుకే. 587 అనేవాళ్లదీ తీసిపారేసే వాదన కాదు: కొన్ని ప్రాచీన ప్రతుల్లో అక్కడ ‘పదకొండో ఏడు’ అని ఉంది.

తేదీలు వరసగా ఉంటాయనీ అనుకోవద్దు. 29:1 పదో ఏటిది, 30:20 పదకొండో ఏటిది. మధ్యలో 29:17 ఇరవై ఏడో ఏటిది, 571, ఆ గ్రంథంలో అన్నిటికన్నా చివరి తేదీ. తూరు ముట్టడిలో బబులోను రాజు నెబుకద్రెజరు సైనికుల తలలు బోడులై, భుజాలు ఒరుసుకుపోయినా కూలి దక్కలేదనీ, బదులుగా ఐగుప్తు ఇస్తాననీ దేవుడు చెప్పిన మాట అందులో ఉంది. తూరు నాశనమవుతుందని 26వ అధ్యాయం చెప్పింది పదకొండో ఏట. ఈ రెంటినీ తేదీ చూడకుండా పక్కపక్కన పెడితే అయోమయమే.

అభ్యాసం, కాస్త గట్టిదే. హగ్గయి 1:1, 2:1, 2:10, జెకర్యా 1:7, 7:1 తేదీలు కట్టండి. వీటిలో లెక్క పారసీక రాజు దర్యావేషు ఏలుబడి ఏళ్లతో; అతను గద్దెనెక్కింది 522లో అయినా మొదటి ఏడు 521 నీసాను నుంచే. ఈ ఐదింటిలో ఒక్కటి మాత్రం 519లో పడాలి. తర్వాత యిర్మీయా 52:12, 52:29 పక్కపక్కన పెట్టుకోండి. నెబుకద్రెజరుకు ఒకచోట పంతొమ్మిదో ఏడు, ఇంకోచోట పద్దెనిమిదో ఏడు. మొదటి ఏడు 604 అనుకుని రెండూ కట్టి, తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాల్లో రాయండి.